గైడు గారూ, ఒక్క సందేహం

పొద్దున్నే ఇంట్లో గొడుగు కోసం వేట మొదలైంది. వాన లేదు, ఎండ ఇంకా ముదరలేదు. అయినా ఆ ఎర్ర గొడుగు లేనిదే తల్లి గడప దాటదు. శిథిలాల మధ్య జనం చెల్లాచెదురు కాకుండా దాన్ని పైకెత్తి పట్టుకుని ముందు నడుస్తుంది. టిక్కెట్లు చింపేవాళ్ల దగ్గర్నుంచి చర్చి తలుపులు తీసేవాళ్ల దాకా అందరికీ ఆమె గొడుగమ్మే. ఏళ్ల తరబడి ఆమె గైడు, భర్త బస్సు డ్రైవరు. ఫోన్లూ బుకింగులూ కూతురు చూసుకుంటుంది.

"అమ్మా, నీ చేతికే వేలాడుతోంది," అంది కూతురు.

తల్లి ముంజేతి వైపు చూసుకుని నవ్వేసింది. "చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది నా పని." తండ్రి కూడా నవ్వాడు. కూతురికి నవ్వు రాలేదు.

బయట తండ్రి బస్సు అద్దం తుడుస్తుంటే వెనకే వెళ్లింది. "ట్రావెల్సాయన రాత్రి మళ్లీ ఫోన్ చేశాడు నాన్నా. పోయినసారి అమ్మ స్నానశాల దగ్గర నిలబడి చర్చి కథ చెప్పిందట. గైడుని మార్చకపోతే ఇక మనుషుల్ని పంపనంటున్నాడు."

"నేను చెప్తాలే దానికి."

"ఎప్పట్నుంచో ఇదే మాట. ఇవాళ నేనూ వస్తున్నా. సాయంత్రంలోగా నువ్వు చెప్పకపోతే నేనే చెప్పేస్తా."

ఆయన తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడవసాగాడు. నోట్లో నాలుక లేని మనిషి. పిల్లి మెడలో గంట కట్టమంటే ఇలాంటివాళ్లు ముందు పిల్లికి పాలు పోసి వస్తారు.

పాత రంగస్థలం దగ్గర తల్లి మహారాణిలా ఉంది. అందరినీ పైమెట్ల మీద కూర్చోబెట్టి, తను కింద రాతిచప్టా మధ్యలో నిలబడి చిన్న కాగితం ముక్క చింపింది. ఆ చప్పుడు చివరి వరుస దాకా వినిపించింది. జనం చప్పట్లు కొట్టారు. ఈమెకా మానేయమని చెప్పేది అనుకుని కూతురు తల దించుకుంది. కక్కలేదు, మింగలేదు. పొద్దుట్నుంచీ అదే పరిస్థితి.

మొదటి చర్చిలో అడుగుపెట్టాక ఆ సందేహం తీరిపోయింది.

తల్లి బల్లల మధ్యకి వెళ్లి, గొడుగు దించి, జేబులోంచి కాగితం తీసింది. "ఇప్పుడు మీరంతా పైమెట్లు ఎక్కి కూర్చోండి," అంది. ఎక్కడానికి అక్కడ మెట్లు లేవు. జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరో కిసుక్కుమన్నారు. తల్లి చేతిలో కాగితం అలాగే ఉండిపోయింది. కళ్లు గోడల మీద తిరుగుతున్నాయి. అవి ఏ గోడలో ఆమెకి తెలియడం లేదు.

ఇక లాభం లేదని కూతురు ముందుకు కదిలింది. అంతలో గుమ్మం దగ్గర్నుంచి ఎవరో గొంతు సవరించుకున్నారు.

"గైడు గారూ, ఒక్క సందేహమండీ." టోపీ చేతిలో పట్టుకుని తండ్రి నిలబడి ఉన్నాడు, ఆమెని ఎన్నడూ చూడనివాడిలా. "ఈ గడప ఒకవైపే ఇంతలా అరిగిందేమిటండీ?"

తల్లి గడప వైపు చూసింది. కాగితం జేబులోకి వెళ్లింది. గొడుగు లేచింది. "మంచి ప్రశ్న అడిగారు. ఈ తలుపుకి రెండు రెక్కలున్నా, ఒక్కటే తెరిచేవారు..." అంటూ కథ అందుకుంది.

బయటికి రాగానే కూతురు తండ్రిని బస్సు వెనక్కి లాక్కెళ్లింది.

"ఎన్నాళ్లుగా ఆడుతున్నావు నాన్నా ఈ నాటకం?"

"గట్టిగా అనకు. దానికి తెలీదు."

"తెలిస్తే బాధపడుతుందని నలుగురిలో నవ్వులపాలు చేస్తావా? వాళ్లు కిసుక్కున నవ్వింది అమ్మని చూసి. నీకు వినపడలేదా?"

"వినపడింది," అన్నాడాయన.

"తెలీకేం," అంది తల్లి. బస్సు పక్కనుంచి వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది. "ఇంట్లో పొద్దస్తమానం ఏమే, ఒసే అని పిలిచే మనిషి. గారూ, అండీ అంటున్నాడంటే నేనెక్కడో దారి తప్పానని అర్థం. మొదటిసారి విన్నప్పుడే తెలిసిపోయింది."

తండ్రి టోపీ పెట్టుకుని, మళ్లీ తీశాడు.

"మరి నాతో చెప్పలేదేం?" అంది కూతురు.

"చెప్తే ఇంట్లో కూర్చోబెడతారని. మర్చిపోవడం కన్నా అదే భయం బుల్లీ నాకు. మీరిద్దరూ వంటింట్లో గుసగుసలాడుతుంటే, నేను గదిలో నా ఇంట్లోనే చుట్టంలా కూర్చోవడం." కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "ఇవాళ వాళ్లు నవ్వారు. నాకూ వినపడింది. ఇక చాలు."

ఎర్ర గొడుగు కూతురి చేతిలో పెట్టింది. కూతురు వెనక్కి ఇవ్వబోయింది.

"నాకు నీలా చెప్పడం రాదమ్మా."

"పలకా బలపం పట్టకముందే ఈ రాళ్ల మధ్య పాకావు. నీకు రాకపోవడమేంటి? పద, జనం ఎదురు చూస్తున్నారు."

ఆఖరి చర్చి సముద్రం ఒడ్డున ఉంది. గోపురంలో పెద్ద గంట, నిలువునా బీటతో. కూతురు గొడుగెత్తి గుంపు ముందు నిలబడింది. కట్టింది ఎవరో చెప్పింది, కాలిపోయింది ఎప్పుడో చెప్పింది. ఆ తర్వాత వెనక వరుసలో చేతులు ఖాళీగా వేలాడేసుకుని నిలబడిన తల్లి కనబడింది. అంతే, మాట ఆగిపోయింది. చిన్నప్పట్నుంచీ విన్న కథే. ఒక్క ముక్క కూడా నోటికి రావడం లేదు.

జనం కదిలారు. ఎవరో దగ్గారు.

"గైడు గారూ."

తల్లి చెయ్యెత్తింది, బళ్లో పిల్లలా. పక్కన తండ్రి నేల చూపులు చూస్తున్నాడు.

"ఒక్క సందేహమండీ. ఆ గంట పగిలింది కదా. మరి దించెయ్యలేదెందుకు?"

కూతురికి కళ్లు మసకబారాయి. గొడుగు ఇంకాస్త పైకెత్తింది.

"మంచి ప్రశ్న అడిగారమ్మా," అంది. "పగిలాక దాని మోత మారిపోయింది. అలాంటి మోత ఈ తీరంలో ఇంకెక్కడా లేదు. పొగమంచులో దారి తప్పిన పడవలవాళ్లు అది విని, ఇది మన ఊరేనని గుర్తుపట్టి ఒడ్డుకి వచ్చేవాళ్లు. అందుకే ఎవరూ దించలేదండీ."