రేవు దారిలో ఆగిన కారు

సంచీ మూసుకోవడం లేదు. తల్లి మోకాలితో అదిమింది, మళ్ళీ విప్పింది, పైన ఉన్న దుప్పటి తీసి అడుగున కుక్కింది.

"అమ్మా, అక్కడ దుప్పట్లుంటాయే."

"ఉంటాయి, రోగులకి. నీకెవరిస్తారు?"

గుమ్మంలో నిలబడ్డ పక్కింటి డ్రాయింగ్ మాస్టారు కారు తాళాలు ఆడించాడు. దీవిలో జ్వరాలు ముదిరాయి, నర్సులు కావాలని కబురొస్తే, ఊరి ఆస్పత్రిలో నర్సుగా చేస్తున్న ఈ పిల్ల తనంతట తానే పేరిచ్చి వచ్చింది. ఓడ మధ్యాహ్నం బయలుదేరుతుంది. అది తప్పితే మళ్ళీ నెలకి గానీ ఓడ లేదు.

"రేవు దాకా నేను దింపుతాను అత్తయ్యగారూ."

"ఆ కారులోనా! దారిలో ఆగితే?"

"ఆగితే మాస్టారు తోస్తారులే అమ్మా" అంది నర్సు.

ఆవిడ భయంలో తప్పేమీ లేదు. ఆ రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారుని అతను తుక్కు కింద కొన్నాడు. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక్కో బోల్టూ విప్పి మళ్ళీ బిగించాడు. ఇంజను మొదటిసారి అందుకున్నప్పుడు వచ్చిన నల్లటి పొగంతా, గోడ అవతల ఆరేసిన నర్సు తెల్లబట్టల మీద వాలింది.

"మాస్టారూ, బొమ్మలు కాగితం మీద వేసుకోండి, నా బట్టల మీద కాదు!"

అదీ వాళ్ళ మొదటి మాట. ఉతికిపెడతానని అతను సబ్బుబిళ్ళతో వెళ్తే, నవ్వాపుకోలేక మొహం మీదే తలుపేసింది. ఆ తర్వాత షెడ్డులో అతని పక్కన టార్చి పట్టుకున్నది కూడా ఆమే. అసలు మాట మాత్రం ఇద్దరి నోటా పెగల్లేదు.

కారు ఊళ్ళో బుద్ధిగానే తిరిగేది. దూరం వెళ్తే మొండికేసేది. కాయిల్ మార్చాడు, పంపు మార్చాడు. రోగం అంతుపట్టలేదు.

ఆ రోజూ అంతే. కొండ ఎక్కే మలుపులో రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

అతను బానెట్ ఎత్తాడు. ప్లగ్గు తీగ లాగి చూస్తే నిప్పురవ్వ నీలంగా దూకింది. కరెంటు తప్పు కాదు. ట్యాంకులో పెట్రోలుంది. ఇంజనుకి పెట్రోలు అందించే కార్బురేటర్ మీద చెయ్యి పెట్టి, చురుక్కుమనేసరికి వెనక్కి లాక్కున్నాడు. లోపల ఏదో బుసబుసమని మరుగుతోంది.

"ఏమైంది?"

"వేడికి పెట్రోలు మరిగి ఆవిరైపోతోంది. ఇంజనుకీ దీనికీ మధ్య వేడి పాకకుండా మందంగా ఒక దిమ్మ ఉండేది. పాతబడిందని పారేసి, పల్చటి కొత్త అట్ట బిగించాను. తప్పు నాదే."

"పనికొస్తుందో లేదో చూడకుండా పారేసే మనిషికి పిల్లనెవరిస్తారండీ?"

అనేసి నాలుక కరుచుకుంది. చెవులు ఎర్రబడ్డాయి. చటుక్కున లోయ వైపు తిరిగింది.

అతనూ అటే చూశాడు. కింద సముద్రం, రేవు, పొగ చిమ్ముతున్న ఓడ. రోడ్డు మీద మరో బండి లేదు. తడిగుడ్డ చుడితే కార్బురేటర్ చల్లబడుతుందని అతనికి తెలుసు. చుట్టకపోతే, ఇంజను దానంతటది చల్లారేలోపు ఓడ వెళ్ళిపోతుందనీ తెలుసు. ఊరుకుంటే చాలు. అబద్ధం కూడా ఆడక్కర్లేదు. ఈ మనిషి ఇక్కడే ఉండిపోతుంది.

అతను ఆమె వైపు చెయ్యి చాచాడు.

"మీ తువ్వాలు ఇలా ఇవ్వండి. నీళ్ళ సీసా కూడా."

తడిపి చుట్టాడు. గుడ్డ సుయ్యిమంది. మళ్ళీ తడిపాడు. తాళం తిప్పితే ఇంజను తడబడి, తడబడి, అందుకుంది.

కారు కొండ దిగింది.

"ఇంత తేలిగ్గా అయిపోతుందా?" అంది ఆమె.

"అవుతుంది."

"ఇక కదలదని చెప్పి ఉండొచ్చుగా."

"చెబితే మీరు నమ్మేవారు. అందుకే చెప్పలేకపోయాను."

ఆమె మొహం పక్కకి తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది.

ఓడ మెట్ల దగ్గర సంచీ అందుకుంటూ, "వానలు తగ్గగానే వచ్చేస్తాను. అమ్మతో మాట్లాడండి" అంది.

"ఏమని?"

"అబ్బ! కారెందుకు ఆగిందో కనిపెట్టారు, ఇది తెలీదా?"

"తెలుసు. మీ నోట వినాలని."

"అయితే వినండి. మీరంటే ఇష్టం. పొగతో సహా."

"నాకూ ఇష్టం" అన్నాడతను. ఇంకా ఏదో అనబోయాడు గానీ ఓడ కూత వేసింది.

తిరిగొచ్చేసరికి తల్లి గుమ్మంలోనే నిలబడి ఉంది.

"చెప్పిందా?"

"చెప్పిందండీ. మీకు..."

"నాకెప్పుడో తెలుసు. మీ ఇద్దరికే తెలియడానికి ఇంతకాలం పట్టింది. అది రానీ, పెళ్ళి చేసేస్తాను." కొంగుతో కళ్ళొత్తుకుంది. "కూర్చో నాయనా. పొద్దుటి నుంచీ ఏమీ తిన్నట్టు లేవు."

నర్సు తిరిగి రాలేదు. ఆ ఏడాది వానలు తగ్గకముందే, దీవిలోని ఆస్పత్రిలో జ్వరం సోకి చనిపోయింది.