కోర్టు ముద్ర లేని తాఖీదు

నూడుల్స్ కొట్టు ముందు, పట్టపగలు, తైవాన్ గూఢచారి ఏజెంట్ తాంగ్‌ను కాల్చి చంపారు.

శత్రుముఠాలో ఉంటూనే తైవాన్‌కు సమాచారం చేరవేసే మాన్‌లీ ఆ ఉదయమే అతనికి హెచ్చరిక పెట్టింది. ఎప్పటిలాగే ఒక ఫైల్ షేరింగ్ సైటులో, వంట వీడియో చాటున. తాంగ్ తెరిచేసరికి సైటే లేదు! పోలీసుల పేరుతో ముఠా పంపిన దొంగ తాఖీదుకు బెదిరి, సైట్ల పేర్లు నమోదు చేసే రిజిస్ట్రార్ కంపెనీ ఆ సైటు పేరును ఆపేసింది. కోర్టు ఉత్తర్వు అడగలేదు. సైటు యజమాని మాట వినలేదు.

"ఆ ముఠా నాయకుణ్ణి నాకొదిలెయ్యండి సార్," అన్నాడు ఏజెంట్ జువాంగ్. అతనికి పని నేర్పింది తాంగే.

"ప్రాణాలతో కావాలి," అన్నాడు చీఫ్. "సైటు ఇప్పుడు మరో రిజిస్ట్రార్, మేడమ్ పాన్ కంపెనీకి మారింది. రేపు మాన్‌లీ హంతకుల ఫొటోలు అందులోనే పెడుతుంది. దాన్ని మళ్ళీ మూయించడానికి ముఠావాళ్ళొస్తారు."

మర్నాడు జువాంగ్ సోడాబుడ్డి కళ్ళద్దాలు పెట్టుకుని, నత్తి నటిస్తూ మేడమ్ పాన్ దగ్గర గుమాస్తాగా కూర్చున్నాడు. చెవిలో కందిగింజంత రిసీవర్.

ఇన్‌స్పెక్టర్ యూనిఫాంలో ముఠా నాయకుడు ఫాంగ్ దిగాడు. వెంట ఎర్రకోటులో, లాయరు వేషంలో మాన్‌లీ.

"వాన ఆగేలా లేదు," అందామె ఎటో చూస్తూ. హ్యాండ్‌బ్యాగులోని ఫోన్ నుంచి ఫొటోలు ఇంకా వెళ్తున్నాయని కోడ్.

ఫాంగ్ పిస్టల్ తీసి బల్లమీద పెట్టాడు. "సైటు మూసెయ్. ఇప్పుడే!"

మేడమ్ పాన్ చెయ్యి కీబోర్డు మీదికి వెళ్ళింది.

"కో... కోర్టు ఉత్తర్వేదండీ?" అన్నాడు జువాంగ్. "సైటు ఓనర్ని అ... అడగొద్దా?"

"నోర్ముయ్‌రా నత్తోడా!"

మేడమ్ పాన్ చెయ్యి వెనక్కి తీసుకుంది. "మావాడు అడిగింది నిజమే కదయ్యా. కోర్టు కాగితం చూపించు, మూసేస్తాను."

ఫాంగ్ కీబోర్డు లాక్కున్నాడు. అతని వేలు మీటకు వెంట్రుకవాసి దూరంలో ఉండగా జువాంగ్ చెవిలో చీఫ్ గొంతు: "ఫొటోలు అందాయ్!"

జువాంగ్ ఆ వేలిని పట్టి విరిచేశాడు. నత్తి మాయమైంది. "ఇది మా తాంగ్ అన్న కోసం!" బల్లమీది పిస్టల్ అందుకుని ఫాంగ్ నుదుటికి ఆనించాడు.

"వద్దు," అంది మాన్‌లీ. ఆమె కళ్ళు నిప్పుల్లా ఉన్నాయి. "క్షణంలో చస్తే వీడికి సుఖం. కోర్టులో నిలబెట్టు. తాంగ్ పేరు రోజూ వినాలి వీడు."

జువాంగ్ పళ్ళు కొరుకుతూ సంకెళ్ళు వేశాడు.

మేడమ్ పాన్ కుర్చీలోంచి లేవకుండానే ఫాంగ్‌ని పలకరించింది. "మీ ఫిర్యాదు అందింది సార్. సైటు ఓనర్ని కనుక్కుని జవాబు రాస్తాం. ఏ జైలుకి పంపమంటారు?"