నలభై మూడు మందిలో నలభై ఒక్కరు

“నలభై మూడు మందిని అడిగితే నలభై ఒక్కమంది సరేనన్నారా?”

“అవునండి.”

“ఒక్కరు కూడా కసురుకోలేదా?”

“ఇద్దరు కసురుకున్నారు కదండీ. ఆ మిగిలిన ఇద్దరూ వాళ్ళే,” అంది నాంతెజా ఎంతో మర్యాదగా.

నా పేరు కయోండో. కంపాలాలో మా టిష్యూ బ్యాంకుకి క్వాలిటీ ఆఫీసర్ని. అనుమానించడం నా ఉద్యోగం. జీతం ఇవ్వకపోయినా అదే పని చేసేవాడినని మా అమ్మ అంటుంది.

నాంతెజా మా బ్యాంకులో టెక్నీషియన్. చేరి రెండు నెలలైంది. సిజేరియన్‌కి వచ్చిన తల్లులను ముందే కలిసి, బిడ్డ వెనక వచ్చే మాయను మాకిమ్మని అడుగుతుంది. దాని మీద ఉండే పల్చటి పొరను వలిచి, శుభ్రం చేసి దాస్తాం. కాలిన గాయాల మీద, దెబ్బతిన్న కళ్ళ మీద డాక్టర్లు దాన్ని అతుకు వేస్తారు.

అడగడం తేలికే, ఇవ్వడమే కష్టం. మా బుగాండా ప్రాంతంలో మాయ అంటే బిడ్డకి కవల. ఇంటి తోటలో అరటిచెట్టు మొదట్లో పాతిపెట్టాలి. పరాయివాళ్ళ చేతిలో పడితే బిడ్డకి కీడు. నాంతెజా కంటే ముందు నర్సులు నలభై మందిని అడిగితే తొమ్మిది మంది ఒప్పుకున్నారు. ఈవిడగారు అడిగితే నలభై ఒక్కరు!

ఆ లెక్కతోనే నైరోబీలో జరిగే టిష్యూ బ్యాంకింగ్ కాన్ఫరెన్సుకి తన పని సారాంశంగా ఒక అబ్‌స్ట్రాక్ట్ రాసింది. వాళ్ళు ఒప్పుకుంటే అక్కడ పోస్టర్ పెట్టుకోవచ్చు. గడువు ఈ సాయంత్రం ఐదింటికి. అది పంపాలంటే నా సంతకం కావాలి. దొంగ లెక్క మీద సంతకం పెట్టానా, నా ఉద్యోగం, ఆవిడ ఉద్యోగం, బ్యాంకు పరువు, అన్నీ ఒకేసారి ఊడతాయి.

“ఎలా ఒప్పించారో చెప్పండి, పెడతాను.”

“మంచిగా అడిగాను.”

“ముందువాళ్ళు తిట్టి అడిగారా?”

“మీ అబ్‌స్ట్రాక్ట్ రెండేళ్ళుగా వెనక్కి వస్తోందట కదా. అందుకేనా నాది ఆపుతున్నారు?”

నాకు చురుక్కుమంది. నిజం చెప్పొద్దూ, ఆవిడ నవ్వితే చెంప మీద సొట్ట పడుతుంది. ఒకవైపే. రెండోవైపు ఎందుకు పడదా అని కూడా నేను అనుమానించాను.

పొర వలిచాక మిగిలిన మాయను ఆస్పత్రి వెనక గోతిలో వెయ్యాలి. అది రూలు. నేను తిన్నగా గోతి కాపలాదారు దగ్గరికి వెళ్ళి పుస్తకం తిరగేశాను. రెండు నెలల్లో మా బ్యాంకు నుంచి వచ్చినవి మూడంటే మూడు. మరి మిగతా ముప్ఫై ఎనిమిదీ ఏమైనట్టు?

చేతబడులు చేసేవాళ్ళు మాయలు కొంటారని ఊళ్ళో ఎప్పుడూ గుసగుసే. ఛీ, నాంతెజా అలాంటిదా? కాదు. ఏమో. అనుమానం పెనుభూతం అన్నారు. ఆ భూతం నా భుజమెక్కి కూర్చుంది.

పన్నెండింటికి నాంతెజా బయటికి వచ్చింది. చేతిలో మూత పెట్టిన నీలం డబ్బా. అటూ ఇటూ చూసింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం ఇదే అనుకున్నాను. గబగబా గయాజా వెళ్ళే వ్యాను ఎక్కేసింది. నేను అద్దెకు తిరిగే బోడా బైకు ఒకటి ఆపి ఎక్కాను.

“ఆ వ్యాను వెనకాలే పోనీ.”

“మీ ఆవిడా, అన్నా?” అన్నాడు బైకువాడు జాలిగా.

“కాదు.”

“అయితే ఇంకా కష్టం,” అని వేగం పెంచాడు.

సగం దారిలో వాన మొదలైంది. గయాజా దాటాక నాంతెజా దిగి, ఎర్రమట్టి బాటలో నడిచి ఒక అరటితోటలోకి వెళ్ళింది. నేను చెట్ల చాటుగా నక్కి నక్కి నడిచాను. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. ఇప్పుడు ఎవడో ఒకడు వస్తాడు, డబ్బా పుచ్చుకుంటాడు. వాడు చేతబడి చేసేవాడు కావచ్చు, ప్రియుడూ కావచ్చు. రెండోవాడు అయితేనే నాకు ఎక్కువ కోపం వస్తుందని తెలిసి, నా మీద నాకే అనుమానం వేసింది.

వచ్చింది ఒక ముసలావిడ. నాంతెజా తడినేల మీద మోకాళ్ళూని నమస్కారం చెప్పి, డబ్బాలోంచి చెట్టు బెరడుతో చేసిన గుడ్డలో చుట్టిన చిన్న మూటను తీసింది. ముసలావిడ రెండు చేతులా అందుకుని గుండెకి ఆనించుకుంది.

“వచ్చావా తల్లీ? మీ అక్క ఇంకా ఆస్పత్రిలోనే ఉంది. నువ్వే ముందొచ్చావా ఇంటికి?” అంది మూటతోనే.

ఇది దొంగచాటుగా చూడాల్సింది కాదు. ఇక్కడి నుంచి వెళ్ళిపోదామని అడుగు వెనక్కి వేశాను. బురద. జర్రున జారి, నాలుగు ఎండాకుల మీద వెల్లకిలా పడ్డాను.

“దొంగ! గెలల దొంగ!” పార ఎత్తుకుని ఉరికింది ముసలావిడ.

“కొట్టకవ్వా, కొట్టకు! మా ఆఫీసాయన!”

“ఆఫీసాయనయితే వాకిట్లోంచి రాడూ?”

“ఆయనకి వాకిలి కంటే కన్నం ఇష్టం, అవ్వా.”

అవ్వ నన్ను కిందనుంచి పైదాకా చూసింది. నమ్మినట్టు లేదు. పార మాత్రం నా చేతిలో పెట్టింది. “సరే, వచ్చావు కదా. తవ్వు.”

పుట్టింది ఆడపిల్ల గనుక వండుకునే అరటి మొదట్లో తవ్వాలి. ఆఫీసు బూట్లతో, వానలో తవ్వాను. అవ్వ మూటను పెట్టి, చేత్తోనే మట్టి కప్పింది.

తిరిగి వచ్చేటప్పుడు వ్యానులో పక్కపక్కనే కూర్చున్నాం. ఇద్దరి ఒంటి నుంచీ నీళ్ళు కారుతున్నాయి.

“అన్ని ఇళ్ళకీ మీరే వెళ్ళారా?”

“చాలామంది ఆస్పత్రికే వచ్చి తీసుకెళ్ళారు. రాలేనివాళ్ళకి నేను తీసుకెళ్ళాను. ముగ్గురు మాత్రం మీరే పారేయండన్నారు. పొర మాకు, మిగతాది మీకు అంటే ఎవరు కాదంటారండీ? ఇన్నాళ్ళూ ఎవరూ తిరిగి ఇవ్వలేదు, అంతే.”

“తల్లులందరికీ రక్తపరీక్షలు అయినవే కదా?”

“ఇక్కడ కూడానా! అయినవే. డబ్బాకి సీలు కూడా వేస్తాను.”

“మరి అబ్‌స్ట్రాక్ట్‌లో ఈ మాట రాయలేదేం?”

నాంతెజా కిటికీ వైపు తిరిగింది. “రాస్తే రూలు తప్పానని నా ఉద్యోగం పోతుంది.”

“రాయకపోతే అది అబద్ధం.”

“తెలుసు. మీరు సంతకం పెట్టరని కూడా తెలుసు.” గొంతులో ఎగతాళి లేదు. అలా వినడం నాకు అస్సలు బాగాలేదు. పోట్లాడితేనే బాగుంటుంది.

“రాద్దాం. రాసి డాక్టర్ ముగేర్వా గారికి చూపిద్దాం. నేనూ వస్తాను.”

“ఆయన గెంటేస్తే?”

“ఇద్దరినీ గెంటాలి. రెండు నెలలు గోతి పుస్తకం ముట్టుకోకుండా కూర్చున్నది నేనే కదా.”

ముగేర్వా గారు మా బ్యాంకు పెద్ద. మూడున్నరకి ఆయన ముందు నిలబడ్డాం, బురదతోనే. ఆయన కాగితం మొత్తం చదివి కళ్ళజోడు తీశారు.

“ముందు నన్ను అడగాలని తెలియదా అమ్మాయ్?”

“కాదంటారేమోనని...”

“అడిగావా?”

“లేదండి.”

“నా మాయ మసాకాలో మా అమ్మ తోటలో ఉంది. ఆ మొదలు ఇప్పటికీ పిలకలు వేస్తోంది. నేనెందుకు కాదంటాను?” కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. “కానీ తప్పు తప్పే. హెచ్చరిక ఉత్తరం నీ ఫైల్లో ఉంటుంది. సంగతంతా ఇవాళే ఎథిక్స్ కమిటీకి రాస్తాను. కయోండో, పరీక్ష కాగితం, సీలు, ఇంటివాళ్ళ సంతకం, మూడూ లేకుండా డబ్బా గడప దాటకూడదని రూలు రాయి. నీ పేరు కూడా రెండోదిగా పెట్టుకో. తన్నులు తింటే ఇద్దరూ తినండి. అబ్‌స్ట్రాక్ట్ పంపండి.”

వరండాలోకి రాగానే నాంతెజా గోడకి ఆనుకుని ఏడ్చేసింది. ఉద్యోగం నిలబడింది. నేను రుమాలు ఇచ్చాను. బురద రుమాలు. చూసి, ఏడుస్తూనే తిట్టింది.

నాలుగూ నలభైకి కంప్యూటర్ ముందు చేరాం. రెండువందల యాభై మాటలకి మించకూడదు. కొత్త వాక్యంతో పదమూడు మాటలు ఎక్కువయ్యాయి.

“‘ఎంతగానో ఆశ్చర్యం కలిగించే విధంగా’ అన్నది తీసేద్దాం,” అన్నాను.

“మీరు ఆశ్చర్యపోలేదా?”

“నేను అనుమానపడ్డాను. అది వేరు.”

కొట్టివేతలన్నీ అయ్యాయి. సంతకం పెట్టాను. వెబ్‌సైటులో ఒక్కో గడీ నింపుకుంటూ వచ్చాం. చివరి ప్రశ్న దగ్గర గడియారం నాలుగూ యాభై నాలుగు చూపిస్తోంది. ‘రచయితలలో ఎవరికైనా తోటి రచయితలతో వ్యక్తిగతమైన సంబంధం ఉందా? అవును. లేదు.’

నా చెయ్యి మౌస్ మీదే ఆగిపోయింది.

“లేదు అని నొక్కండి,” అంది నాంతెజా. “ఆరు నిమిషాలే ఉంది.”

“నొక్కలేను.”

“మౌస్ పాడయిందా?”

“మౌస్ బాగానే ఉంది. లేదు అంటే అబద్ధమవుతుంది.”

నాంతెజా కుర్చీ నా వైపు తిప్పింది.

“ఎవరి వైపు నుంచి?” అంది మెల్లిగా.

“నా వైపు నుంచి ఖాయం. నువ్వంటే నాకు ప్రేమ, నాంతెజా. నీ వైపు సంగతి... నా దగ్గర ఆధారాలు లేవు.”

“రెండు నెలలుగా నా వెంటపడి లెక్కలడగడం ప్రేమా?”

“నాకు వేరే పద్ధతి రాదు.”

ఆమె నన్ను చూసింది. ఆ తర్వాత నా చేతిని పక్కకి తోసి, మౌస్ అందుకుని, ‘అవును’ నొక్కింది.

కింద ఇంకో గడి తెరుచుకుంది. ‘వివరించండి.’

మా దగ్గర మేనత్త ఊఁ అననిదే ఏ అమ్మాయి పెళ్ళీ అంగుళం కదలదు. నాంతెజా వేళ్ళు టకటకా ఆడాయి. ‘మొదటి రచయిత్రికి రెండో రచయిత ఇష్టమే. ఆదివారం ఆయన రచయిత్రి మేనత్త గారి ఇంటికి వస్తున్నారు. వాకిట్లోంచి.’

“చదివి చూడు. తప్పులుంటే చెప్పు,” అంది.

అప్పటికి మూడు నిమిషాలుంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఏదీ సరిచూడకుండా ‘పంపు’ నొక్కేశాను.