పదిహేడో ప్రశ్న

డిటెక్టివు ఆఫీసు తలుపు తోసుకొచ్చిన అక్కచెల్లెళ్ళిద్దరిలో అక్కకే కాళ్ళూ చేతులూ ఆడడం లేదు. చెల్లెలు పళ్ళ బిగువున ఏడుపు ఆపుకుని నిలబడింది. ఎవరేం చెప్పినా ముందు "సరేగానీ" అనడం ఆ డిటెక్టివుకు అలవాటు. ఆ మాటే ఆయనకు పేరై కూర్చుంది. పన్నెండేళ్ళుగా దగ్గర పనిచేస్తున్న టైపిస్టుకు కూడా అసలు పేరు చప్పున గుర్తురాదు.

"లా కాలేజీ ప్రవేశపరీక్షలో మా చెల్లికి నలభైకి నలభై వచ్చాయి సార్. ఉన్న ఒక్క ఉచిత సీటూ దీనిదే. పేపరు ముందే చూసిందని పేరు కొట్టేశారు. ఐదింటికి సీటు రెండో ర్యాంకుకి ఇచ్చేస్తారట. నేను బట్టలు కుట్టేదాన్ని, ఫీజు కట్టి చదివించలేను."

"సరేగానీ, నువ్వు చూశావామ్మా?"

"లేదు సార్."

అప్పటికి రెండయింది. ఆయన టైపిస్టును కూడా రమ్మని, చెప్పుల్లో కాళ్ళు పెట్టేశాడు.

కాలేజీలో ప్రిన్సిపాల్ ఒక కవరు బల్లమీద పెట్టాడు. పైన లక్కముద్ర చెక్కుచెదరలేదు. అడుగున బ్లేడుతో కోసి మళ్ళీ అంటించిన గీత ఉంది.

"పేపరూ జవాబులూ ఇందులో పెట్టి నా బీరువాలో దాచాం. పరీక్ష అయ్యాక చూస్తే ఇలా ఉంది. చూసినవాళ్ళకి అన్ని మార్కులూ వస్తాయి. ఆ పిల్లకి వచ్చాయి. ఇంకేం కావాలి?"

"సరేగానీ, జ్వరమొస్తే ఒళ్ళు కాలుతుంది. ఎండన పడి వచ్చినవాడికీ కాలుతుంది. వాడికీ మాత్ర మింగిస్తారా?"

ప్రిన్సిపాల్ బావమరిది, కాలేజీ మేనేజరు, కలగజేసుకున్నాడు. రెండో ర్యాంకు అతని కొడుకుదే. అందుకని పరీక్షరోజు ఆ ఛాయలకే రాలేదట.

"మావాడికి తప్పింది ఒక్క పదిహేడే సార్. ఆ తోటమాలుల ప్రశ్న దగ్గర అంతటివాడే బోల్తాపడ్డాడు. ఈ పిల్లకెలా వచ్చిందంటారు?"

"బీరువా తాళాలు ఎవరి దగ్గరుంటాయి?"

"బావగారి దగ్గరొకటి, నా దగ్గరొకటి."

పేపరు తయారుచేసిన లెక్చరరు పక్కగదిలో ఉంది. పరీక్షలో ఇచ్చిన పేపరు ఆవిడ తీసిచ్చింది. అందులో పదిహేడో ప్రశ్న బస్సు డ్రైవర్ల గురించి.

"ముందు వేరేది పెట్టాను. దానికి రెండు జవాబులు సరిపోతున్నాయని పరీక్ష ముందురోజు తోచింది. తీసేసి ఇది రాసి, కాపీలు నేనే తీశాను. పాతది కవరులోనే ఉండిపోయింది. ఎవరికీ చెప్పలేదు."

"జవాబులు?"

"పాతదానికి బి, కొత్తదానికి డి."

టైపిస్టు జవాబుపత్రాలు తిరగేసింది. అమ్మాయి డి పెట్టింది. ఆమె చిత్తుకాగితంలో డ్రైవర్లకూ బస్సులకూ వలయాలు గీసి, రెండుసార్లు కొట్టేసి, మూడోసారి తేల్చుకున్న గుర్తులున్నాయి. మేనేజరు కొడుకు బి పెట్టాడు.

"దొరికాడు సార్."

"సరేగానీ, బి పెట్టినవాళ్ళు మొత్తం ఎంతమంది?"

లెక్కపెడితే పదకొండుమంది.

"అందరూ దొంగలేనా? ప్రిన్సిపాల్ చేసిన తప్పే మీరూ చేస్తున్నారు."

టైపిస్టు నాలిక్కరుచుకుంది. ఈయన దగ్గర ఎన్నేళ్ళున్నా నేర్చుకోవలసింది మిగిలే ఉంటుందని ఆమెకు కొంచెం సిగ్గుగానూ, చాలా సంతోషంగానూ అనిపించింది.

నాలుగున్నరకు ఆయన అందరినీ ప్రిన్సిపాల్ గదిలో కూర్చోబెట్టాడు.

"కవరులో జవాబుల్ని నమ్ముకున్నవాళ్ళకి పదిహేడు తప్పాలి. ఈ అమ్మాయికి తప్పలేదు. కాబట్టి నమ్ముకోలేదు. అంతవరకూ ఖాయం. ఇక బి పెట్టినంతమాత్రాన ఎవర్నీ దొంగ అనను. కానీ తోటమాలుల ప్రశ్న కవరులో తప్ప ఎక్కడా లేదు. హాల్లో ఇచ్చింది డ్రైవర్లది. తోటమాలుల సంగతి తెలిసేది రాసినావిడకీ, కవరు కోసినవాడికీ. మేనేజరుగారూ, మీకెవరు చెప్పారు?"

"మావాడు..." అని మేనేజరు ఆగిపోయాడు.

"మీవాడు ప్రశ్న చదివుంటే మారిందని చెప్పేవాడు. మీరు అక్షరాలే బట్టీ పట్టించారు, అతను అవే దించేశాడు. మార్కుల జాబితాలో పదిహేడు తప్పని చూసి, అది తోటమాలులదే అయ్యుంటుందని మీరు తీర్మానించుకున్నారు."

మేనేజరు తల వంచుకుని, "ఒక్కగానొక్క కొడుకు, బావగారూ" అన్నాడు.

ప్రిన్సిపాల్ అతనివైపు చూడలేదు. కాగితం తీసి గబగబా రాసి అమ్మాయికిచ్చాడు. "నీ సీటు నీదేనమ్మా. ఇది నోటీసుబోర్డులో పెట్టిస్తాను."

అక్క కళ్ళు తుడుచుకుంది. అమ్మాయి మాత్రం కాగితం రెండుసార్లు చదివి, తిరిగి బల్లమీద పెట్టింది.

"'అనుమానం తొలగిపోయింది' అని రాశారు సార్. అంటే తప్పు అనుమానానిదన్నట్టుంది. 'మేము తప్పుగా తీర్మానించాం' అని రాయండి."

ప్రిన్సిపాల్ కాసేపు ఆమెనే చూసి, ఇంకో కాగితం తీసుకున్నాడు.