చీటీ లేని అచ్చు

బొమ్మల ఫ్యాక్టరీలో ఆమెని అందరూ కళ్ళమ్మ అనేవాళ్ళు. రబ్బరు బొమ్మలకి కళ్ళు దిద్దడం ఆమె పని. పెళ్ళికి ముందు చేరింది. పాప పుట్టాక కూడా మానలేదు. అదే బల్ల, అదే కుర్చీ. సన్నటి కుంచెతో నల్లగుడ్డు దిద్ది, దాని మీద తెల్లచుక్క పెట్టేది. ఆ చుక్క పడగానే బొమ్మకి ప్రాణం వచ్చినట్టుండేది. "అమ్మో, ఇది నన్నే చూస్తోందే!" అని పక్క బల్లవాళ్ళు నవ్వేవాళ్ళు.

ఒకరోజు కళ్ళు అచ్చువేసే మిషన్ వచ్చింది. మేనేజరు చెడ్డవాడేం కాదు. ఆమెని పిలిచి, కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి మరీ చెప్పాడు. "మీ చేతిలో పనుందమ్మా, ఎక్కడైనా బతికేస్తారు" అన్నాడు. చేతిలో పనుంటే పొమ్మనడం దేనికని అడగాలని నోటిదాకా వచ్చింది. కుంచెలు గుడ్డలో చుట్టుకుని ఇంటికొచ్చేసింది.

ఇంట్లో భర్త మంచం మీదున్నాడు. లారీ నడిపేవాడు. సరుకు దించుతూ జారిపడి నడుం విరగ్గొట్టుకున్న దగ్గర్నించి అతని లోకం మంచానికీ కిటికీకీ మధ్యే. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదేనేమో అనుకుంది.

ఆడపడుచు పళ్ళ డాక్టరు దగ్గర ఆయాగా చేస్తుంది. ఆ అమ్మాయే కబురు తెచ్చింది.

"మా డాక్టరుగారికి కట్టుడుపళ్ళు చేసిచ్చే మాస్టారొకాయన ఉన్నాడు వదినా. చెయ్యి వణకని మనిషి కావాలిట. చాలా మంచాయన. నోట్లో వేలు పెట్టినా కొరకడు."

"పళ్ళు చేసేవాడు కొరక్కపోతే ఎలాగే?" అన్నాడు భర్త మంచం మీద నుంచి. చాన్నాళ్ళకి ఇంట్లో ముగ్గురూ నవ్వారు.

మాస్టారి పనిగది ఒక పాత భవనం కింద, నేలలోపల ఉంది. మెట్లు దిగాలి. దిగుతూండగానే వాసన ఎదురొచ్చింది. ముందు లవంగనూనె. తర్వాత కాలిన మైనం. ఆ రెండిటి అడుగున ఇంకొకటి... తెల్లవారి మొహం కడుక్కోని మనిషి మీదకి వంగి మాట్లాడితే వస్తుందే, అది. పాచినోటి వాసన. ఒక నోరు కాదు. గదినిండా నోళ్ళే.

గోడల పొడుగునా అరలు, అరలనిండా పళ్ళు. మైనంలో సగం గుచ్చినవి, ప్లాస్టరులోంచి తొంగిచూస్తున్నవి, నీళ్ళగిన్నెల్లో మునిగినవి. మూల మిషను దగ్గర ముసలాయన ఒకడు పళ్ళకి మెరుపు పెడుతున్నాడు. అందరూ ఆయన్ని బాబాయి అంటారు. ఆయన ఎడమచేతికి తోలు తొడుగు ఉంది.

మాస్టారు పని చూపించాడు. డాక్టర్లు రోగి నోట్లో ఒక గులాబీరంగు ముద్ద పెట్టి కొరికిస్తారు. అది గట్టిపడి, పైపళ్ళకొకటి, కిందిపళ్ళకొకటి, అచ్చు తయారవుతుంది. తడిగుడ్డలో చుట్టి, రోగి వివరం చీటీ మీద రాసి, పొద్దున్నే బండివాడితో బుట్టలో పంపుతారు. ఆ అచ్చుల్ని శుభ్రం చేసి, ప్లాస్టరు పోసి, ఆరాక ఊడదీస్తే రోగి నోరు రాయిలా చేతిలోకొస్తుంది. దాని మీద పళ్ళు కట్టాలి.

"శుభ్రం చెయ్యడమంటే?"

మాస్టారు గుండుసూది చేతికిచ్చాడు.

గుడ్డ విప్పింది. ముద్ద మీద ఉమ్మి జిగటగా మెరుస్తోంది. పంటి గుంటల్లో ఏవేవో ఇరుక్కుని ఉన్నాయి. నానిన మెతుకు, ఆకు ముక్క, పసుపుపచ్చ గార, సన్నటి నెత్తుటి చార. ఒక్కొక్కటీ సూదితో లాగాలి. లాగితే తీగలా సాగేది. మూడో గుంట దగ్గరికొచ్చేసరికి సూది వదిలేసింది. మెట్ల కింద తొట్టి దగ్గరికి పరుగెత్తి, పొద్దుట తిన్నదంతా కక్కేసింది.

బాబాయి మిషను ఆపకుండానే అన్నాడు, "అలవాటైపోతుందమ్మా. కూటికోసం కోటి విద్యలు. మనది కోటిన్నొక్కటోది."

ఇంటికెళ్ళి చేతులు సబ్బుతో తోముకుంది. నిమ్మచెక్కతో రుద్దుకుంది. అన్నం కలిపి పాప నోటికందిస్తే, పాప తల పక్కకి తిప్పేసుకుంది.

"నాకొద్దమ్మా. నీ చెయ్యి పాచినోరు వాసనొస్తోంది."

ఆ రాత్రి కళ్ళమ్మ చెయ్యి కొంగులో చుట్టుకుని గోడవైపు తిరిగి పడుకుంది. మానేద్దామా అనుకుంది. నిద్రలో నడుం కదిలి భర్త మూలిగాడు. పొద్దున్నే లేచి మళ్ళీ మెట్లు దిగింది.

చీటీ లేని అచ్చు ఆ వారంలోనే మొదటిసారి చూసింది.

బుట్టలో అన్నిటికీ పైన ఉంది. మిగతావి తడిగుడ్డలో చల్లగా ఉంటే ఇది గోరువెచ్చగా ఉంది. ఇప్పుడే నోట్లోంచి తీసినట్టు. బండివాడు ఇంకా మెట్లమీదే ఉన్నాడు.

"దీని చీటీ ఏదయ్యా?"

అతను వంగి చూశాడు. వెంటనే వెనక్కి జరిగాడు. "అది నేను తెచ్చింది కాదమ్మా" అని, బుట్ట కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు.

మాస్టారిని అడిగింది. ఆయన తలెత్తలేదు. "అది పాత కస్టమరుది. ప్లాస్టరు పోసి పై అరలో పెట్టండి. పళ్ళు కట్టక్కర్లేదు."

పోసి ఊడదీస్తే, ఆ నోట్లో పళ్ళన్నీ ఉన్నాయి. ఒక్కటి కూడా పోలేదు. గట్టి పళ్ళు, పెద్దవి, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ. పళ్ళన్నీ ఉన్నవాడికి కట్టుడుపళ్ళెందుకు? పై అర చూస్తే అక్కడ అదే నోరు వరసగా, పాతబడి పచ్చబడినవి, దుమ్ముపట్టినవి, గోడదాకా ఉన్నాయి. తను చేసింది వాటి పక్కన పెట్టింది.

రెండ్రోజులకి మళ్ళీ వచ్చింది. ఈసారి పైవరస వెనక ఇంకో పన్ను మొలుస్తోంది. తర్వాత వచ్చినదాంట్లో దాని పక్కన మరొకటి. అంగిటిదాకా, ఒకదాని వెనకొకటి, తొందరపడి తోసుకొస్తున్నట్టు.

"బాబాయ్, ఇది మనిషి నోరేనా?"

బాబాయి మిషను చప్పుడు పెంచాడు.

అన్నిటికంటే రోత పుట్టించింది చిక్కుడు ఈనె. ఒకరోజు ఆ అచ్చు పంటి సందులో పచ్చటి ఈనె ఒకటి ఇరుక్కుని ఉంది. సూదితో లాగింది. పొడుగ్గా వచ్చింది. ఆ పొద్దున తను చేసిందీ చిక్కుడుకాయ కూరే. లోకంలో చిక్కుడుకాయ వండుకునేది నేనొక్కదాన్నేనా అని సర్దిచెప్పుకుంది. మధ్యాహ్నం డబ్బా మూత తీసింది. మూతకి లోపలివైపు ఏదో జిగటగా అంటుకునుంది. కూర మీద తీగలు సాగుతోంది. ఒక పక్క కూర మెత్తగా, నమిలి మళ్ళీ ఉమ్మేసినట్టు... కూరని డబ్బాతో సహా బయట పారేసింది.

అంత జరిగినా మానలేదు. వేరే దారేముంది? పని అడగని చోటంటూ మిగల్లేదు. ఎక్కడ అడిగినా "బొమ్మల కళ్ళా?" అని నవ్వేవాళ్ళే.

ఆ రోజు మధ్యాహ్నం నుంచే మబ్బు పట్టింది. సాయంత్రానికి గాలీ వానా మొదలయ్యాయి. సందులోకి నీళ్ళొస్తున్నాయని మాస్టారు, బాబాయి పైకి వెళ్ళి గుమ్మానికి ఇసకబస్తాలు అడ్డం పెడుతున్నారు. కింద కళ్ళమ్మ ఒక్కతే ఉంది. ఆ రోజొచ్చిన చీటీ లేని అచ్చులోంచి ప్లాస్టరు నోరు అప్పుడే ఊడదీసింది. పైదీ కిందదీ ఒకదాని మీదొకటి ఆనించి, బల్ల చివర ఆరబెట్టింది.

కరెంటు పోయింది.

నేలలోపలి గది. కిటికీ లేదు. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే చీకటి. పైన వాన హోరు. తొట్టిలో చుక్క చుక్కగా నీళ్ళు. లవంగనూనె వాసన నెమ్మదిగా తగ్గింది. మైనం వాసనా తగ్గింది. మిగిలింది ఆ మూడోదే. వెచ్చగా ఉంది. ఆగి ఆగి వస్తోంది. ఎవరో మొహానికి దగ్గరగా నోరు తెరిచి మూస్తున్నట్టు.

"మాస్టారూ..." అంది. పైకి వినబడలేదు.

బల్ల మీద అగ్గిపెట్టె ఉండాలి. చేత్తో తడిమింది. సూది తగిలింది. గిన్నె తగిలింది. ఇంకాస్త ముందుకి చాచింది...

చూపుడువేలు తడిలోకి వెళ్ళింది.

ప్లాస్టరు గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది. అది ఆమెకి తెలుసు. తెలుసు కాబట్టే ఒక్క క్షణం చెయ్యి తియ్యలేదు. కానీ ప్లాస్టరు జారదు. ఇది జారుతోంది. వేలికింద మెత్తటి చర్మం. చర్మం మీద గరుకు. అచ్చులో నాలుక పడదు. నాలుక ఉండాల్సిన చోట ఉత్త ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో... ఏదో కదిలింది. కిందనుంచి లేచి ఆమె వేలిని తాకింది. చుట్టూ తిరిగింది. రుచి చూస్తున్నట్టు.

లాగబోయింది.

పళ్ళు పడ్డాయి.

ముందు ముందువరస. తర్వాత వెనకవరస. దాని వెనక ఇంకొకటి. తొందరేం లేదు. ఒక్కొక్క వరసా నెమ్మదిగా దిగుతోంది. ఆమె అరిచిందో లేదో ఆమెకే తెలీదు. వేలి చుట్టూ గుటక పడ్డ చప్పుడు మాత్రం విన్నది.

మెట్లమీద లాంతరు వెలుగు. మాస్టారు పరుగున దిగాడు. బల్ల మీద రెండు ప్లాస్టరు ముద్దలు తెల్లగా, పొడిగా, చలనం లేకుండా ఉన్నాయి. కళ్ళమ్మ చెయ్యి మోచేతిదాకా ఉమ్మితో కారుతోంది. వేలి చుట్టూ ఎర్రటి గాట్లు, వరస మీద వరస.

మాస్టారు ఏం జరిగిందని అడగలేదు. బేసిన్లో వేడినీళ్ళు పోసి, చెయ్యి కడిగి, గుడ్డ కట్టాడు. కట్టేటప్పుడు ఆయన చూపుడువేలు లాంతరు వెలుగులో కనబడింది. దాని చుట్టూ తెల్లటి పాత మచ్చలు, ఉంగరాల్లా.

"ఎవరిది మాస్టారూ ఆ నోరు?" గుసగుసగా అడిగింది.

"తెలీదమ్మా. మా నాన్న రోజుల నుంచీ వస్తోంది. కొత్తమనిషి వచ్చినప్పుడల్లా వస్తుంది. ఒకసారి... రుచి చూశాక ఇంక రాదు." గుడ్డ ముడి బిగించాడు. "మీరిక ఇక్కడి మనిషయిపోయినట్టే."

బాబాయి మెట్లమీదే నిలబడిపోయాడు. "ఇంట్లో ఎవరెవరుంటారమ్మా?" అన్నాడు.

"మా ఆయన. ఒక పాప."

ఆయన తొడుగు చేతిని జేబులో పెట్టుకున్నాడు. వెనక్కి తిరిగి పైకెళ్ళిపోయాడు.

రెండ్రోజులు ఇంట్లోనే ఉంది కళ్ళమ్మ. మూడోరోజు వెళ్ళింది. మాస్టారి మాట నిజమే. చీటీ లేని అచ్చు మళ్ళీ రాలేదు. గాట్లు మానాయి, సన్నటి గీతలు మిగిలాయి. విచిత్రంగా ఆ గది వాసన కూడా ఆమెకి తెలియడం మానేసింది. ఒకరి నోట్లో మెతుకు సూదితో లాగి, అదే చేత్తో డబ్బా తెరుచుకుని, అదే బల్ల దగ్గర అన్నం తింటోంది. ఒకరోజు తింటూ తింటూ ఆ సంగతి తనే గమనించి, తన మీద తనకే రోత పుట్టింది. అయినా ముద్ద కిందపెట్టలేదు.

ఆమె కట్టిన పళ్ళు అసలు పళ్ళలాగే ఉన్నాయని డాక్టర్లు మెచ్చుకున్నారు. ఒక్కొక్క పన్ను మీదా కంటికానని మచ్చ, చిన్న పసుపు ఛాయ, కుంచెతో దిద్దేది. భర్త కర్ర పట్టుకుని గుమ్మందాకా నడుస్తున్నాడు. పాప మళ్ళీ ఆమె చేతి ముద్దలు తింటోంది. రాత్రి పక్కలో దూరి, "చెయ్యి వెయ్యమ్మా" అని తల కింద పెట్టుకుని పడుకుంటోంది.

ఆ ఆదివారం పొద్దున గుమ్మంలో కూర్చుని పాపకి తల దువ్వుతోంది. జడ విప్పింది. చివర తడిగా ఉంది. జిగటగా. వెంట్రుకలు ఎగుడుదిగుడుగా, పిప్పి పిప్పిగా ఉన్నాయి.

"జడ నములుతున్నావేంటే? ఛీ!"

"నేను కాదమ్మా." పాప చిరాగ్గా తల తిప్పింది. "రాత్రి నువ్వే కదా, ఆపమన్నా ఆపలేదు."

కళ్ళమ్మ దువ్వెన కింద పెట్టింది. తన చూపుడువేలు చూసుకుంది. మానిన గీతల్లో ఒక దాంట్లోంచి నల్లగా ఒక వెంట్రుక బయటికి వేలాడుతోంది. పాపదే. అంత పొడుగు ఆ ఇంట్లో ఇంకెవరికీ లేదు. రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా లాగింది.

కొంచెం వచ్చింది. ఇంకొంచెం వచ్చింది... తడిగా.

తర్వాత, లోపలి నుంచి ఏదో దాన్ని వెనక్కి లాగింది.