మూడు కంప్యూటర్లూ ఒక కూనిరాగమూ

“మీరు పంపిన ఫైలు నా దగ్గర తెరుచుకోవట్లేదండీ.”

“అయితే కంప్యూటర్ మార్చండి.”

“భలేవారే! తాళం మీరు బిగించి, ఇల్లు నన్ను మారమంటారా?”

అతను తలెత్తి చూశాడు. నాటకశాల వెనక ఇరుకు గదిలో, పాత ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, జడ వెనక్కి విసురుకుంటూ ఒక అమ్మాయి. రేకులు ఊపి ఉరుములూ, బఠానీలు దొర్లించి వానా పుట్టించే సౌండ్ ఎఫెక్ట్స్ అమ్మాయి. బృందంలో అందరూ ఆమెను గాలివాన అంటారు. ఎందుకంటారో అతనికి అప్పుడే అర్థమైపోయింది.

అతనికి కూడా ఓ పేరు పెట్టేశారు. మౌనస్వామి.

పిల్లల నాటకానికి సంగీతం అతనిది, శబ్దాలు ఆమెవి. రెండూ ఒకే ప్రాజెక్టు ఫైలులో కలిసి నాటకశాల కంప్యూటర్‌లో మోగాలి. చిక్కేమిటంటే అతనిది మాక్, ఆమెది లినక్స్, నాటకశాలది విండోస్. అతను ఏళ్లుగా వాడుతున్న మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ మాక్‌లో తప్ప ఎక్కడా నడవదు.

డైరెక్టరమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని తీర్పు చెప్పేసింది. “మూడింట్లోనూ నడిచేది ఒకటి చూసుకోండి. ఇద్దరూ కలిసి కూర్చుని చూసుకోండి. మీ పంచాయితీ నా దాకా తేవద్దు.”

కలిసి కూర్చోవడం. అతనికి కష్టంగా తోచింది అదే.

బయటి చప్పుడు రాకూడదని అతను తన అద్దెగది గోడలకు స్పాంజి పలకలు అతికించుకున్నాడు. చప్పుడుతో పాటు మనుషులూ రావడం మానేశారు. ఒకప్పుడు పక్క కుర్చీలో గిటార్ వాయించే స్నేహితుడు ఉండేవాడు. పెళ్లయి, వేరే ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయాడు. ఇప్పుడా కుర్చీలో ఉతికిన బట్టలు కూర్చుంటున్నాయి. అతను ప్రకటనలకు హుషారైన సంగీతం కట్టి పంపుతాడు. కొన్ని రోజులు కిరాణా కొట్టతనితో తప్ప ఎవరితోనూ మాట్లాడడు.

మర్నాడు ఇద్దరూ రకరకాల మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ల ట్రయల్ వెర్షన్లు ముందేసుకుని కూర్చున్నారు.

“ఇది చూడండి, ఎంత అందంగా ఉందో!” అన్నాడు అతను.

“అందంగానే ఉంది. నా దాంట్లో అడుగుపెట్టనంటోంది.”

రెండోది మూడు కంప్యూటర్లలోనూ తెరుచుకుంది. కానీ నాటకశాల కంప్యూటర్‌లో పెట్టగానే అతను గుహ కోసం కట్టిన ప్రతిధ్వని ఎగిరిపోయింది. ఆ ఎఫెక్ట్ వేరే కంపెనీది, అక్కడ లేదు.

“మీ రాక్షసుడు గుహలోంచి దుప్పటిలోకి దూరినట్టున్నాడు,” అందామె.

అతను నవ్వాడు. తన నవ్వు తనకే కొత్తగా వినిపించింది.

మూడోది బూడిదరంగులో, ఎక్కడ చూసినా బటన్లతో ఆఫీసు రికార్డుల గదిలా ఉంది. అతను మొహం చిట్లించాడు. ఆమె మాత్రం ఓపిగ్గా మూడు చోట్లా తెరిచి వినిపించింది. ఎక్కడ కత్తిరించిన శబ్దం అక్కడే ఉంది. ప్రతిధ్వని కూడా ఆ సాఫ్ట్‌వేర్ సొంతది కావడంతో ఎక్కడికీ పోలేదు.

“ఇదే,” అందామె.

“నా పాటలన్నీ ఆ పాత సాఫ్ట్‌వేర్‌లో ఉండిపోయాయండీ...”

“ఉండనివ్వండి, ఎవరు చెరిపేయమన్నారు? కావలసినవి విడి ట్రాకులుగా ఇటు తెచ్చుకోవచ్చు.” కాస్త ఆగి, గొంతు తగ్గించింది. “మీకు భయం సాఫ్ట్‌వేర్ మారితేనా, పక్కన మనిషి కూర్చుంటేనా?”

ఆ రాత్రి అతను ఇంటికెళ్లి కుర్చీలోని బట్టలు మడతపెట్టి అలమరలో సర్దాడు.

ఆ తర్వాత మధ్యాహ్నాలు ఆమె అతని గదికి వచ్చి ఆ కుర్చీలో కూర్చునేది. బయట వాన పడుతుంటే లోపల బఠానీలతో వాన కురిపించేది. “అసలు వాన కంటే నాదే బాగుంది కదా?” అనేది. వానకేసి కాక తనకేసి చూస్తున్న అతన్ని పట్టుకుని, “స్క్రీన్ అటుంది,” అని వేలు చూపించేది.

ఒకరోజు మైకు సరిచేస్తూ తనలో తను ఏదో కూనిరాగం తీసింది. రికార్డింగ్ నడుస్తోందని ఆమె గమనించలేదు. అతను గమనించాడు.

ఆ వారాంతంలో ఆమె నాటకశాలలో ప్రాజెక్టు తెరిచింది. తన కూనిరాగం ఒక ట్రాకులో ఉంది. మ్యూట్ చేసి ఉంది. దాని మీద “వద్దు” అని పేరు.

మర్నాడు ఆమె రాలేదు. ఫోన్ చేస్తే, “పనెక్కువగా ఉందండీ. ఫైళ్లు పంపిస్తాను, మీరే కలుపుకోండి,” అని పెట్టేసింది.

ఫైళ్లు వేళకు వచ్చేవి. మనిషి రాలేదు. ఎవరి ఇంట్లో వాళ్లు కూర్చుని పనిచేసుకోగల సాఫ్ట్‌వేర్‌ని అంత జాగ్రత్తగా ఎంచుకున్నందుకు అతను తనను తాను తిట్టుకున్నాడు. కుర్చీలో మళ్లీ బట్టలు వేయడానికి చేతులు రాలేదు. ఖాళీగా వదిలేశాడు. అది ఇంకా కష్టమైంది.

తొలి ప్రదర్శన అయ్యాక బృందం ఊళ్లు తిరగడానికి బయల్దేరుతోందనీ, గాలివాన కూడా వెళ్తోందనీ డైరెక్టరమ్మ మాటల్లో తెలిసింది. ఆ సాయంత్రమే అతను అడ్రస్ కనుక్కుని వెళ్లాడు.

తలుపు ఆమె వదిన తీసింది. “మౌనస్వామివి నువ్వేనా బాబూ? మా ఆడపడుచు రోజూ తిడుతోంది, ఎలా ఉంటావో చూద్దామనుకున్నా. లోపలికి రా.”

గాలివాన మొహం తిప్పుకుంది. “నా రాగం బాగోలేకపోతే మొహం మీదే చెప్పొచ్చు కదండీ. నోరు నొక్కేసి పైన ‘వద్దు’ అని రాయడం దేనికి?”

అతనికి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. “మీ ల్యాప్‌టాప్ ఒకసారి ఇస్తారా?”

ప్రాజెక్టు తెరిచాడు. ట్రాకుల పేర్లుండే గడి ఇరుకుగా ఉంది. దాని అంచు పట్టుకుని పక్కకు లాగాడు. మిగతా అక్షరాలు బయటపడ్డాయి.

వద్దు, ఇది ఎప్పటికీ తీసేయొద్దు.

ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. “మరి మ్యూట్ ఎందుకు చేశారు?”

“నాటకంలో మోగితే అందరిదీ అయిపోతుందని. అడక్కుండా దాచుకున్నాను, తప్పే.” అతను నేల చూపులు చూశాడు. “అన్నం తినేటప్పుడు పెట్టుకుంటాను. ఒక్కడినే తినాలంటే... ముద్ద దిగదు. మీ గొంతు ఉంటే ఎవరో ఇంట్లో తిరుగుతున్నట్టు ఉంటుంది. మీరంటే నాకు చాలా ఇష్టమండీ. వెళ్లిపోయేలోగా చెప్పాలని వచ్చాను.”

వంటింట్లోంచి వదిన గొంతు వినిపించింది. “ఏమండీ, విన్నారా? ఇంకో పళ్లెం తీయండి.”

అన్నయ్య పళ్లెం తెచ్చి బల్ల మీద పెట్టి, అతని భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టాడు.

గాలివాన పక్కన కూర్చుంది. “ఊరికో హాలు, హాలుకో కంప్యూటరు. సంగీతం సరిచూసే మనిషి కావాలంటోంది డైరెక్టరమ్మ.” గ్లాసు అతని వైపు జరిపి, తలెత్తకుండా అడిగింది. “వస్తావా?”

“మీరు” ఎక్కడ జారిపోయిందో ఇద్దరూ వెతకలేదు.

“వస్తాను,” అన్నాడతను.

వదినా అన్నయ్యా ఆమే ఒకేసారి మాట్లాడుతున్నారు. ఎవరి మాటా అతనికి పూర్తిగా వినపడటం లేదు. త్వరగా తినేస్తే లేవాల్సి వస్తుందని, నెమ్మదిగా, చిన్న చిన్న ముద్దలు కలుపుకుని తిన్నాడు.