లె అంటే ఎవరికి?

సుసన్నా వాట్సాప్‌లో పంపిన స్పానిష్ హోంవర్కులో ఐదు వాక్యాలున్నాయి. నాలుగింటికి వీరేందర్ గబగబా టిక్కులు పెట్టేశాడు. ఐదోదాని దగ్గర వేలు ఆగిపోయింది.

"మన్యానా లె దీగో కె సీ."

అంటే, రేపు అతనికి సరేనని చెప్తాను!

ఓపెన్‌కాస్ట్ గని వర్క్‌షాపు రేకుల మీద వాన దంచుతోంది. బొగ్గు మోసే డంపర్లన్నీ ఆగిపోయాయి. వీరేందర్ గుండె మాత్రం దడదడలాడుతోంది.

హైదరాబాద్ కాల్‌సెంటర్‌లో ఐదేళ్లు స్పానిష్ మాట్లాడి, గనిలో నాన్న ఉద్యోగం తనకు రావడంతో గోదావరిఖనికి తిరిగొచ్చినవాడతను. డ్యూటీ అయ్యాక ఓ కోచింగ్ సెంటర్‌లో ఆ భాష నేర్పుతాడు. ఇంట్లోంచే చేసే స్పానిష్ ఉద్యోగం కోసం సుసన్నా అక్కడ చేరింది. మూడు నెలలు క్రియలతో కుస్తీ పట్టింది. తప్పు దిద్దితే వాదించింది. వాదించినప్పుడల్లా అతనికి మరింత నచ్చింది.

కిందటి వారం అందరూ వెళ్లాక ధైర్యం చేసి అడిగేశాడు. "నన్ను పెళ్లి చేసుకుంటవా?"

"ఆలోచించుకొని చెప్త సార్," అని నోట్‌బుక్కు మూసి వెళ్లిపోయింది. అంతే.

రేపు నస్పూర్ నుంచి ఎవరో ఆమెను చూసుకోవడానికి వస్తున్నారని అతనికి నిన్ననే తెలిసింది. అబ్బాయి వాళ్ల చర్చివాడేనట. ఇక 'అతనికి' అంటే వేరే ఎవరు?

వాక్యంలో తప్పు లేదు. మాస్టారు కదా, చచ్చినట్టు "కరెక్ట్" అని కొట్టి పంపాడు. వెంటనే అటునుంచి నవ్వు బొమ్మ వచ్చింది. అది చూస్తే ఏడుపొచ్చింది.

"ఏంది తమ్మీ, గట్లున్నవ్? జరమొచ్చిందా? జల్ది దవాఖానకు పో," అన్నాడు ఫిట్టర్ ఎల్లన్న.

"ఏం లేదన్నా."

మర్నాడు అన్నం సయించలేదు. బిగించిన బోల్టునే మళ్లీ బిగించాడు. సాయంత్రం క్లాసు లేదని, కమాన్‌పూర్‌లో అక్క ఇంటికి పోతున్నానని సెంటర్‌కి చెప్పేసి బస్టాండులో కూర్చున్నాడు. బస్సు రాలేదు. వానలో ఓ గొడుగు వచ్చింది. దాని కింద సుసన్నా!

"క్లాసు ఎగ్గొట్టి ఈడ కూసున్నరా? సెంటర్ల అడిగి వచ్చిన!"

"నస్పూరోళ్లు పోయిన్రా?"

"వాళ్లు రానేలేదు. రావద్దని నాన్నతోని నిన్ననే ఫోన్ చేయించిన."

"మరి అతనికి సరే అని చెప్తనంటివి?"

"ఎవరికి?"

"లె అంటే అతనికే కదా..."

సుసన్నా కళ్లు పెద్దవయ్యాయి. "అతనికి, ఆమెకు. ఇంకా?"

వీరేందర్ బుర్ర గోక్కున్నాడు.

"మీకు! గౌరవంగ 'మీకు' అన్నా లె అనే రాయాలె అని బోర్డు మీద రాసింది మీరే గద సార్! నేను మిమ్మల్ని ఎన్నడన్న నువ్వు అన్ననా?"

"అంటే... నాకేనా?"

"కరెక్ట్ అని పెడితే అర్థమైందనుకున్న! ఎంత సంబురపడ్డనో!" కోపంతో అంటూనే గొడుగు అతని తలమీదికి జరిపింది. తన భుజం తడిసిపోతున్నా పట్టించుకోలేదు.

"మీ నాన్న?"

"ఫోనైతే చేసిండు గని, నాతోని రెండు రోజులు మాట్లాడలే. ఇయ్యాల పొద్దుగాల, 'వాళ్లవ్వతోని వచ్చి అడుగుమను' అన్నడు."

అతని ప్రాణం సగమే కుదుటపడింది. అమ్మకు ఇంకా చెప్పనే లేదు.

చెప్పాడు. తల్లి కనకవ్వ అంతా వింది. ఆదివారం కొత్త చీర కట్టుకుని, "నడువు," అంది.

సుసన్నా నాన్న, గనిలో రిటైరైన సామ్యేల్ కుర్చీలు వేశాడు. కనకవ్వ గోడమీది ఏసు పటాన్ని చూసింది, ఇల్లంతా చూసింది. సుసన్నా చాయ్ తెచ్చింది. ట్రేలో గ్లాసులు గలగలమన్నాయి.

"మావోడు నీకేదో భాష నేర్పిండట. గది నాకు రాదు బిడ్డా. తెలుగుల చెప్పు. వీడు నీకు నచ్చిండా?"

సుసన్నా తలెత్తి సూటిగా చూసింది. "నచ్చిండు అత్తమ్మా."

కనకవ్వ సామ్యేల్ వైపు తిరిగింది. "అత్తమ్మా అననే అన్నది. ఇగ మనం మాట్లాడేదేముందన్నా?" అంటూ చాయ్ గ్లాసు అందుకుంది.